17 అంగుళాల పరువు

ఇల్లు ఇరుకైనా మనసు ఇరుకు కాకూడదంటారు పెద్దలు. విమానంలో మాత్రం సీటు ఇరుకైతే మనసులూ ఇరుకైపోతాయి. పక్కన ఎవరొచ్చి కూర్చుంటారోనని అందరూ ఒకరి ఒళ్లు ఒకరు కళ్లతోనే కొలుచుకుంటారు. నడవాలో కాస్త లావుపాటి మనిషి వస్తున్నారంటే చాలు, ఖాళీ సీటు పక్కన కూర్చున్నవాళ్లు మనసులోనే దేవుణ్ని తలచుకుంటారు. ఆ చూపులు వచ్చేవారికి తెలియవనుకుంటాం. ఎందుకు తెలియవు? టికెట్టు కొన్న రోజు నుంచీ వాళ్లు భయపడుతున్నది ఆ చూపులకే!

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన సంగతి అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో నూటికి 24 మంది మహిళలు, 23 మంది మగవాళ్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. ఆంధ్రప్రదేశ్ మహిళల్లోనైతే ఆ లెక్క 36. అంటే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకరున్నట్టే. మరోవైపు, 2003లో ఎయిర్ డెక్కన్ చవక టికెట్లతో రంగంలోకి దిగాక, విమానం మెల్లగా మధ్యతరగతి వాహనమైంది. మనుషులు వెడల్పవుతున్న కాలంలోనే సీట్లు ఇరుకయ్యాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

బస్సులో లేని గొడవ

పల్లెవెలుగు బస్సులో ముగ్గురు కూర్చునే సీటులో నలుగురు కూర్చోవడం మనకు కొత్త కాదు. ‘కాస్త జరగండి’ అంటే జరుగుతారు. ఒకరు లావుగా ఉంటే ఇంకొకరు బక్కగా ఉంటారు. ఆ బల్ల సీటుకు మధ్యలో గోడలు ఉండవు కాబట్టి ఎవరికి కావలసినంత చోటు వాళ్లకు దొరుకుతుంది. రైల్లో పగటిపూట కింది బెర్తు మీద కూర్చున్నా అంతే.

విమానంలో అలా కుదరదు. సీటుకూ సీటుకూ మధ్య ఆర్మ్‌రెస్ట్ అనే సరిహద్దు రాయి ఉంటుంది. అది దాటితే ఆక్రమణ. దానికి లోబడి ఉండాలంటే ఒళ్లు మన మాట వినదు. పైగా అవతలి మనిషీ డబ్బు పెట్టి కొనుక్కున్నవారే. తన సీటులో పావువంతు పక్కవారి భుజం కిందికి వెళ్లిపోతే ఆయన విసుక్కోవడంలోనూ న్యాయముంది. ఇద్దరిదీ తప్పు కాదు. అయినా మూడు గంటలు మోచేతులతో మౌన యుద్ధం నడుస్తుంది. ఆ గీత గీసినవాళ్లు మాత్రం ఆ వరుసలో ఎక్కడా కనిపించరు.

కొలత ఎవరిది?

విమానం సీటు వెడల్పు సంగతి చాలావరకు విమానం తయారైనప్పుడే తేలిపోతుంది. బోయింగ్ 737నే తీసుకోండి. దాని లోపలి వెడల్పు సుమారు 3.54 మీటర్లు. అటు మూడు, ఇటు మూడు సీట్లు, మధ్యలో నడవా పెడితే ఒక్కో సీటుకు దక్కేది 17 అంగుళాలు, కాస్త అటూ ఇటూగా. ఈ ఒళ్లు కొలత నిన్న మొన్నటిది కాదు. 1958లో ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టిన బోయింగ్ 707 నుంచి వచ్చింది. మన తాతల కాలం నాటి చొక్కా కొలతతో మనకూ చొక్కాలు కుడుతున్నారన్నమాట. 1988లో సర్వీసులోకి వచ్చిన ఎయిర్‌బస్ ఎ320 లోపల సుమారు 3.70 మీటర్లు. ఆ 16 సెంటీమీటర్ల తేడా వల్ల ఒక్కో సీటుకు దాదాపు అంగుళం కలిసొచ్చి 18 అవుతుంది. అంగుళమేగా అనుకోకండి. చాలామంది మగవాళ్ల భుజాలే 17 అంగుళాలు దాటుతాయి.

పెద్ద విమానాల్లో వాటం వేరు. అక్కడ వెడల్పు ఉంది, కానీ దాన్ని ఎంతమందికి పంచాలన్నది విమాన సంస్థ ఇష్టం. బోయింగ్ 777 వచ్చిన కొత్తలో చాలా సంస్థలు వరుసకు తొమ్మిది సీట్లు వేసేవి. తర్వాత పది వేయడం మొదలైంది. ఒళ్లు పెరగలేదు, సీటు ఒక్కటే పెరిగింది. దాంతో 18 అంగుళాల సీటు 17కి దిగింది. బోయింగ్ 787లో వరుసకు ఎనిమిది హాయిగా సరిపోయేవి. ఇప్పుడు దాదాపు అందరూ తొమ్మిది వేస్తున్నారు. 2013లో ఎయిర్‌బస్ కంపెనీ దూర ప్రయాణాలకు కనీసం 18 అంగుళాలుండాలని బహిరంగంగానే అడిగింది. తన సరుకు అమ్ముకోవడానికి అడిగిందనుకున్నా, అడిగిన మాటలో నిజముంది.

మోకాలికి మందుంది, నడుముకు లేదు

విమాన సంస్థలకు మన ఇబ్బంది తెలియక కాదు. ‘ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్’ అని మరికొన్ని వందలో వేలో తీసుకుని అమ్ముతున్నవి అవే మరి. అయితే అది ఎవరికి పనికొస్తుంది? పొడుగ్గా ఉన్నవాళ్లకు. ముందు సీటుకూ మన సీటుకూ మధ్య దూరం పెరుగుతుందే గానీ వెడల్పు ఒక్క గింజంత కూడా పెరగదు. పైగా అత్యవసర ద్వారం దగ్గరి కొన్ని వరుసల్లో, మొట్టమొదటి వరుసలో సాధారణంగా భోజనం బల్లను ఆర్మ్‌రెస్ట్‌లోనే దాచిపెడతారు. అందువల్ల ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు. లావుగా ఉన్నవాళ్లు ఎక్కువ డబ్బు కట్టి మరింత ఇరుకును కొనుక్కున్నట్టవుతుంది.

మరి వెడల్పు ఎందుకు అమ్మరు? చిన్న లెక్క వేసి చూద్దాం. 180 సీట్ల ఎ320లో ముప్పై వరుసలుంటాయి. వరుసకూ వరుసకూ మధ్య 29 అంగుళాలు అనుకుందాం. దాన్ని 31 చేస్తే అదే పొడవులో ఇరవై ఎనిమిది వరుసలే పడతాయి. 12 సీట్లు పోతాయి. ఆ నష్టాన్ని మిగతావాళ్లకు పంచితే అయిదు వేల టికెట్టు మీద పడేది దాదాపు మూడు వందల అరవై రూపాయలు. అదే వెడల్పు పెంచాలంటే వరుసకు ఆరు సీట్ల బదులు అయిదే వేయాలి. అప్పుడు అయిదు వేల టికెట్టు ఆరు వేలవుతుంది. పొడవును అంగుళం చొప్పున చిల్లరగా అమ్మవచ్చు. వెడల్పును సీటు చొప్పున టోకుగానే అమ్మాలి. చవక టికెట్టు కోసం వెతికే మనమూ ఈ ఇరుకులో భాగస్థులమే. ఆ మాట ఒప్పుకోవాలి.

ఇప్పుడు లావుగా ఉన్నవారికి మిగిలిన ముఖ్యమైన దారులు రెండు. ఒకటి, కొన్ని రెట్ల ధర పెట్టి బిజినెస్ క్లాసు. రెండు, పక్క సీటు కూడా కొనుక్కోవడం. 2020 జులైలో, కరోనా రోజుల్లో, ఇండిగో ఒకే మనిషికి రెండు సీట్లు అమ్మే పద్ధతి తెచ్చింది. అది పక్కవాడి దగ్గుకు దూరంగా ఉండాలనుకునేవారి కోసం. లావుగా ఉన్నవారికీ అక్కరకొచ్చేదే. కానీ లెక్క చూడండి. అవసరమైంది నాలుగైదు అంగుళాలు. కొనాల్సింది 17 అంగుళాలు. రవికకు పావు మీటరు గుడ్డ తక్కువైతే ఇంకో చీర కొనమన్నట్టుంది!

మెస్సా, కొరియరా?

అసలు న్యాయం ఏమిటి? మన చుట్టూ రెండు పద్ధతులున్నాయి. ఆంధ్రా మెస్సులో ఫుల్ మీల్స్ ధర అందరికీ ఒకటే. రెండు ముద్దలు తిని లేచేవాడూ, నాలుగుసార్లు అన్నం వడ్డించుకునేవాడూ ఒకే టోకెను కొంటారు. కొరియర్ ఆఫీసులో అలా కాదు. తూకం వేసి, గ్రాముల లెక్కన తీసుకుంటారు. మరి విమానం మెస్సా, కొరియరా?

2013లో సమోవా ఎయిర్ అనే చిన్న సంస్థ ‘కొరియరే’ అంది. మనిషినీ సామానునూ కలిపి తూచి, కిలోల లెక్కన టికెట్టు ఇచ్చింది. చిన్న దీవుల మధ్య చిన్న విమానాలు నడిపేవారికి బరువు నిజంగానే ప్రాణాంతక విషయం కాబట్టి ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. 2003 జనవరిలో అమెరికాలోని షార్లెట్‌లో ఒక చిన్న విమానం లేస్తూనే కూలి, 21 మంది చనిపోయారు. తోక భాగంలో జరిగిన మరమ్మతు తప్పుతో పాటు, ప్రయాణికులూ సామానూ అంచనాకంటే బరువుండటం కూడా అందుకు దారితీసింది. ఆ తర్వాత అక్కడ ప్రయాణికుల సగటు బరువు లెక్కల్ని సవరించారు. 2023లో ఎయిర్ న్యూజిలాండ్ కూడా ఆక్లండ్‌లో అంతర్జాతీయ ప్రయాణికులను, ఇష్టపడినవారినే, తూచింది. విమానానికి మన బరువు ఎంతో తెలియాలి. నిజమే. మరి మన వెడల్పు ఎంతో తెలుసుకోవాలని మాత్రం ఎవరికీ తోచదు!

కెనడా ‘మెస్సే’ అంది. అంగవైకల్యం వల్ల గానీ, వైకల్యం అనదగ్గ స్థూలకాయం వల్ల గానీ రెండో సీటు తప్పనిసరి అయినవారి నుంచి దేశీయ విమానాల్లో రెండో టికెట్టు డబ్బు తీసుకోకూడదని 2008 జనవరిలో అక్కడి రవాణా సంస్థ ఆదేశించింది. మనిషి ఒక్కడే, టికెట్టూ ఒక్కటే. విమాన సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్లినా, కోర్టు ఆ అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. 2009 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. కొద్దిగా ఒళ్లున్న అందరికీ ఇది వర్తించదు. నిజంగా ఒక సీటులో పట్టని వారికే. ఆ మాత్రానికే అక్కడి విమానాలు దివాలా తీయలేదు.

అమెరికాలో సౌత్‌వెస్ట్ సంస్థ చాలా ఏళ్లు మధ్యేమార్గంలో నడిచింది. రెండో సీటు ముందు కొనుక్కోండి, ప్రయాణం అయ్యాక డబ్బు వాపసు అడగండి అనేది. అదే సంస్థ 2010లో సినిమా దర్శకుడు కెవిన్ స్మిత్‌ను లావు కారణంగా విమానం నుంచి దింపి పెద్ద రచ్చలో ఇరుక్కుంది. ఎక్కడ సీటైనా ఖాళీని బట్టి కూర్చునే పాత పద్ధతికి స్వస్తి పలికి, 2026 జనవరి 27 నుంచి ముందుగానే సీట్లు కేటాయించడం మొదలుపెట్టినప్పుడు ఈ వెసులుబాటునూ తగ్గించింది. విమానంలో కనీసం ఒక సీటు ఖాళీగా వెళ్తేనే డబ్బు వాపసు అంది.

కోర్టు దాకా వెళ్లిన సీటు

ఇది సుఖం సంగతి మాత్రమేనా? అమెరికాలో ఫ్లయర్స్ రైట్స్ అనే ప్రయాణికుల సంఘం కాదంది. సీట్లు దగ్గరై, మనుషులు పెద్దవాళ్లయితే ప్రమాద సమయంలో బయటపడటం ఆలస్యమవుతుందని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థను నిలదీసింది. తలుపుల్లో సగమే తెరుచుకున్నా తొంభై సెకన్లలో అందరూ బయటపడాలన్నది నిబంధన. 2017 జులైలో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు దీన్ని ‘నమ్మలేనంతగా కుంచించుకుపోతున్న విమాన సీటు కేసు’ అని చమత్కరిస్తూనే, నియంత్రణ సంస్థ తన నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించాలని చెప్పింది. 2018 అక్టోబరులో పార్లమెంటు ఏకంగా చట్టం చేసి, ఏడాదిలోగా సీట్లకు కనీస కొలతలు నిర్ణయించమంది. ఆ గడువు దాటి ఏళ్లు గడిచాయి. పరీక్షలు మాత్రం జరిగాయి. సీట్ల ఇరుకు వల్ల బయటపడటం ఆలస్యం కాలేదని తేల్చారు. పరీక్షలో పాల్గొన్నవాళ్లు మాత్రం అరవై లోపు వయసున్న, ఒంట్లో ఏ ఇబ్బందీ లేని పెద్దలు! విమానంలో పిల్లలూ ముసలివాళ్లూ మోకాళ్ల నొప్పులవాళ్లూ ఉంటారని వేరే చెప్పాలా?

‘సర్దుకుంటాలే’

మన తెలుగిళ్లలో ఈ ఇరుకును ఎక్కువగా భరించేది అమ్మలూ అమ్మమ్మలే. కూతురు డాలస్‌లో ఉంటుంది. పురుటికి తోడు వెళ్లాలి. అరవై దాటిన మనిషి, కాస్త భారీ శరీరం, మోకాళ్ల నొప్పులు, షుగరు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలు. అక్కడి నుంచి డాలస్‌కి ఇంచుమించు పదహారు. ‘పోనీ బిజినెస్ క్లాసు చేయనామ్మా’ అంటే, ‘అంత డబ్బు ఎందుకే తగలేయడం, సర్దుకుంటాలే’ అంటుంది అమ్మ. సర్దుకోవడం ఆమెకు అలవాటైన పని.

విమానంలో ఆ సర్దుబాటు ఎలా ఉంటుందో చూడండి. భోజనం బల్ల పొట్టకు తగిలి పూర్తిగా వాలదు. అందుకని ఆకలి లేదంటుంది. బాత్రూముకు వెళ్లాలంటే పక్కవాళ్లను లేపాలి, పైగా ఆ గది కూడా ఇరుకే. అందుకని మంచినీళ్లు తాగడం మానేస్తుంది. బెల్టు చాలదు. అడగడానికి సిగ్గేసి, కొంగు అడ్డంగా కప్పుకుని పెట్టుకున్నట్టు కూర్చుంటుంది. ఇందులో ఏ ఒక్కటీ మంచిది కాదు. చివరిదైతే ప్రాణం మీదకు తెచ్చేది. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందనీ, స్థూలకాయులకు అది ఇంకా ఎక్కువనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2007లోనే చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నవారిలో అది సుమారు ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేదే కాబట్టి హడలిపోనక్కర్లేదు. కానీ పట్టించుకోవాలి.

‘ఇదంతా ఎందుకు, కాస్త తగ్గొచ్చుగా?’ అనేవాళ్లుంటారు. తగ్గితే మంచిదే. కానీ థైరాయిడ్, ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్ మందులు, కాన్పులు, వంశపారంపర్యం ఇవన్నీ ఒళ్లుగా మారతాయి. అన్నిటికీ మించి, వచ్చే మంగళవారం విమానానికి ఈ శనివారం నుంచి తగ్గడం ఎవరి తరమూ కాదు.

బయల్దేరే ముందు

చట్టాలు వచ్చేదాకా ఆగలేం కాబట్టి, మన చేతిలో ఉన్నవి కొన్ని.

ముందుగా ఇంట్లోనే కుర్చీలో కూర్చుని, ఒంటికి రెండు పక్కలా పుస్తకాలు నిలబెట్టి మధ్య దూరం టేపుతో కొలవండి. పదిహేడో పద్దెనిమిదో తెలిస్తే సగం భయం పోతుంది. టికెట్టు కొనేటప్పుడు అది ఏ విమానమో చూడండి. ధర దగ్గరదగ్గరగా ఉంటే దేశంలో తిరగడానికి 737 కంటే ఎ320 రకం నయం. దూరప్రయాణాలకు వరుసకు పది సీట్ల 777 కంటే ఎ380, వరుసకు తొమ్మిది సీట్ల ఎ350 నయం.

రెండో సీటు కొనదలిస్తే బయటి ట్రావెల్ సైట్లలో కాకుండా విమాన సంస్థకే ఫోను చేసి, రెండు సీట్లూ ఒకే పేరు మీద పక్కపక్కన ఉన్నాయో లేదో ఖాయం చేసుకోండి. రెండు బోర్డింగ్ కార్డులూ దగ్గర ఉంచుకోండి. లేకపోతే ఖాళీ సీటనుకుని ఎవరినో తెచ్చి కూర్చోబెడతారు. భార్యాభర్తలైతే కిటికీ సీటూ నడవా సీటూ తీసుకుని మధ్యది వదిలేసి చూడండి. మధ్య సీటు సాధారణంగా చివర్లో గానీ నిండదు. నిండినా వచ్చినవారితో సీటు మార్చుకోవడం తేలిక.

బెల్టు చాలకపోతే విమానం ఎక్కేటప్పుడే తలుపు దగ్గరి సిబ్బందిని ‘ఎక్స్‌టెన్షన్ బెల్టు కావాలి’ అని మెల్లగా అడగండి. డబ్బు తీసుకోరు. వాళ్లకది రోజూ ఉండే పనే. అత్యవసర ద్వారం వరుసలో మాత్రం ఆ బెల్టుతో కూర్చోనివ్వరు. చాలా విమానాల్లో నడవా పక్కనున్న ఆర్మ్‌రెస్ట్ కింద చిన్న మీట ఉంటుంది. నొక్కితే అదీ పైకి లేస్తుంది. ఎక్కడుందో సిబ్బంది చూపిస్తారు. నీళ్లు మానకండి. గంటకోసారి పాదాలు తిప్పండి, వీలైతే నాలుగడుగులు వేయండి. ఇంతకుముందు కాళ్లలో గడ్డకట్టినవారూ, ఈమధ్యే ఆపరేషన్ అయినవారూ టికెట్టుకు ముందే డాక్టరును అడగండి.

పక్క సీటువారికీ ఒక మాట. నిట్టూర్చడం, కనుబొమలు ఎగరేయడం వల్ల అంగుళం కూడా పెరగదు. ‘ఆర్మ్‌రెస్ట్ పైకి తీద్దామా?’ అని మీరే ముందు అడిగితే అవతలివారికి కొండంత ధైర్యం. నిజంగా కూర్చోలేకపోతే లేచి వెళ్లి, సిబ్బందితో పక్కకు మాట్లాడండి. నలుగురూ వినేలా కాదు.

ఒకటిన్నర సీటు

ఇక అడగాల్సినవారిని అడగాల్సినవి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా.

బిస్కెట్ ప్యాకెట్ మీద గ్రాములు రాయకపోతే మన దేశంలో నేరం. విమానం టికెట్టు మీద కూడా సామాను ఎన్ని కిలోలో, చేతి సంచి ఎన్ని కిలోలో రాస్తారు. అసలు అమ్ముతున్న సరుకు సీటు. దాని వెడల్పు ఎన్ని అంగుళాలో మాత్రం రాయరు. సీటు వెడల్పు, ఆర్మ్‌రెస్ట్ లేస్తుందా లేదా, బెల్టు పొడవెంత అన్న మూడు ముక్కలు టికెట్టు కొనే చోటే కనపడేలా చేయమని డీజీసీఏ ఆదేశిస్తే, సంస్థలకు ఖర్చయ్యేది ఒక్క వాక్యం.

రెండోది, రెండో సీటు కొనుక్కున్నాక విమానం ఖాళీలతో వెళ్తే ఆ డబ్బు తిరిగివ్వాలి. అమ్ముడుపోని సీటుకు ధర ఎందుకు?

మూడోది, ఒకటిన్నర సీటు. ఐరోపాలో చాలా సంస్థలు దగ్గరి ప్రయాణాల్లో బిజినెస్ క్లాసు పేరిట మామూలు మూడు సీట్ల వరుసలోనే మధ్య సీటు ఖాళీగా వదిలి ఇద్దరినే కూర్చోబెడతాయి. అదే పని ఎకానమీలో ఒక్క వరుసకు చేయొచ్చు. మూడు సీట్లను ఇద్దరికి అమ్మండి, ఒక్కొక్కరి దగ్గర ఒకటిన్నర టికెట్టు తీసుకోండి. ఒక్కొక్కరికి పాతిక అంగుళాలు దక్కుతాయి. సంస్థకు ఒక్క రూపాయి నష్టం లేదు. విమానాన్ని మార్చక్కర్లేదు, మేకు కూడా కొట్టక్కర్లేదు. అంగుళాలకు అంగుళాల ధర కట్టి, ఎవరి చూపులూ పడకుండా, కడుపునిండా నీళ్లు తాగి మనవణ్ని చూడటానికి వెళ్లొచ్చు. అమ్మ సర్దుకుపోనక్కర్లేదు. ఈసారి సర్దాల్సింది సీట్లను.